పుట్టుమచ్చలు

పదవ తరగతి ధ్రువపత్రమునందు విద్యార్థిని గుర్తుపట్టుటకై రెండు పుట్టుమచ్చలు వ్రాయించు ఆచారము మన ప్రాంతమున చిరకాలముగా నున్నది. ఎడమచెంపమీద నొకటి, కుడిమోచేతి క్రింద నొకటి. పరీక్షలకు ముందు నామినల్ రోల్సు సిద్ధపరచునపుడు పిల్లలను వరుసగా నిలువబెట్టి మచ్చలు వెదకుట మా యుద్యోగధర్మములలో నొకటి. బాలికల విషయమున నీ పని మా సహాధ్యాపిని గారు చూచుకొందురు. కొందరికి మచ్చలు దొరకవు. అప్పుడు వారే మోకాలిమీది పాతగాయమును చూపి, “ఇది రాసుకోండి మాస్టారూ, సైకిలుమీంచి పడ్డాను,” అందురు. పడిన కథ వ్రాయుటకు అచ్చట చోటు లేదు. మచ్చ మాత్రమే వ్రాయుదుము.

పిమ్మట టి.సి. పత్రము. దానిలో ప్రవర్తన యను గడి యొకటి కలదు. ఆ గడియందు “సంతృప్తికరము” అని వ్రాయుదుము. ఈ మాటను మేమెన్ని వందల పర్యాయములు వ్రాసియుంటిమో లెక్క లేదు. ఏ యిద్దరి ప్రవర్తనయు నొక్కటి గాదు. వ్రాసినమాట మాత్ర మందరికి నొక్కటే. ఆ గడిలో పట్టని సంగతులు కొన్ని యిచ్చట వ్రాయబూనితిమి. పేర్లు వ్రాయము. పిల్లలు పెద్దవారై దీనిని చదివినచో తమ్ము తామే పోల్చుకొందురు. పరులు పోల్చుకొనవలసిన పనిలేదు.

మాది గోదావరి డెల్టాలో, సముద్రమునకు కొలదిదూరమున, కాలువగట్టును ఆనుకొనియున్న జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాల. ఈ యేడు పదవ తరగతిలో 34 మంది. అందరిని వర్ణించుటకు మాకు గాని, వినుటకు చదువరులకు గాని ఓపిక చాలదు.

మొదట మా మరమ్మతుల పిల్లవాని సంగతి చెప్పకున్న మిగిలిన 33 మందియు నొప్పుకొనరు. తిరుగని పంకా, వెలుగని దీపము, మ్రోగని గంట, ఏదియైనను ముందు వానికే కబురు పోవును. ఓమ్ నియమమును అప్పజెప్పుమన్నచో నిలువునా తడబడును. పాడైన తీగెను చేతికిచ్చినచో, తెగినది ఎచ్చటనో చూపుడు వ్రేలితో చూపును. ఆ వ్రేలు తప్పుట మేము చూడలేదు. వాని పుస్తకములసంచిలో స్క్రూడ్రైవరు నిత్యనివాసి. హిందీ వాచకము మాత్రము అప్పుడప్పుడు వచ్చిపోవు చుట్టము.

వాని తండ్రి ఆటో నడుపుకొని జీవించును. కుమారుని ఇంజనీరును చేయవలెనని ఆయన కోరిక. అందుకై అప్పు తెచ్చియైనను పట్నములోని యొక వసతి కళాశాలలో ఎం.పి.సి.లో చేర్పింప నిశ్చయించుకొనెను. అట్టి కళాశాలల సంగతి మన యిండ్లకు తెలియనిది గాదు. తెల్లవారకముందు లేపి, రాత్రి పొద్దుపోవువరకు కూర్చుండబెట్టుదురు. ఆ రెండేండ్లును ఈ పిల్లవాని చేతికి పనిముట్టు తగులదు. పాలిసెట్టు పరీక్ష వ్రాసి మూడేండ్ల డిప్లమా చదివినవాడు, తరువాత ఈసెట్టు ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరముననే చేరవచ్చునని మేమా తండ్రికి వివరించితిమి. ఆయన శ్రద్ధగా విని, “డిప్లమా అంటే తక్కువ చదువు కాదాండీ?” అని యడిగెను.

ఆ ప్రశ్న ఆయనది మాత్రమే కాదు. నీడపట్టున కూర్చుండి చేయునది ఘనమనియు, చేతులకు నూనె యంటునది నీచమనియు మన యిండ్లలో నెవరు చెప్పకయే పిల్లలు నేర్చుకొనుచున్నారు. కులభేదమును నోట ఖండించువారి యిండ్లలో సయిత మీ జిడ్డు వదలలేదు. విచిత్రమేమనగా, ఆ తండ్రి తన ఆటోను తానే విప్పి బాగుచేసికొనును. కుమారునికి ఆ విద్య వచ్చినది ఆయన ప్రక్కనే కూర్చుండి! ఏమైనను, పిల్లవాడు పాలిసెట్టుకు దరఖాస్తు పెట్టెను. హాలుటిక్కెట్టును తండ్రికి చూపెనా యని మేమడుగలేదు.

రెండవవాడు అనుకరణమున దిట్ట. మా ప్రధానోపాధ్యాయులవారి నడక, లెక్కల మాస్టారి కోపము, పద్యము నెత్తుకొనుటకు ముందు మేము దగ్గు దగ్గు, అన్నియు వానికి కరతలామలకములు. ఒకనాడు తలుపుచాటున నిలిచి మమ్ము మేమే వింటిమి. మా గొంతు మాకంటె వానికే బాగుగా తెలియునని యొప్పుకొనక తప్పదు. మార్చిలో తొమ్మిదవ తరగతివారు వీడ్కోలు విందు చేసిరి. మిక్చరు, మైసూరుపాకు, రంగునీళ్ల సీసాలు, అందరి చేతులలోను స్లాము పుస్తకములు. ఆ సభలో వాడు పాఠశాలలోని వారినందరిని వరుసగా దింపెను. మధ్యాహ్నభోజనము వండు ఆమెను మాత్రము ముట్టలేదు. ఆమె మాట తీరు అనుకరణకు మిగుల ననుకూలమైనది. పిల్లలును “ఆమెను చెయ్యరా” అని కేకలువేసిరి. వాడు విననట్లే దిగివచ్చెను. తరువాత మేమడిగినప్పుడు, “మిమ్మల్ని చేస్తే మీరూ నవ్వుతారు మాస్టారూ. ఆవిడ నవ్వదు,” అనెను. తెలుగులో వానికి 41 మార్కులు వచ్చినవి.

హాజరుపట్టీలో సగము గళ్లు గైరుహాజరైన పిల్లవాడొకడు కలడు. వానిది తీరపు పేట. తండ్రికి పడవలో మనిషి తక్కువైన దినమున వీడు బడికి రాడు. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, యంత్రపు పడవల వేటను నిషేధింతురు. చేపపిల్లల క్షేమమునకు నియమమున్నది, మంచిదే. పరీక్షలు మాత్రము మార్చిలో, వేట సాగుచున్న దినములలోనే వచ్చును. నిష్పత్తుల పాఠము జరిగిన వారమంతయు వాడు సముద్రముమీదనే యుండెను. తిరిగివచ్చినపుడు లెక్కల మాస్టారు వానిని నిలబెట్టి యొక లెక్క యడుగగా, నల్లబల్ల వంక చూడకయే చెప్పివేసెను. ఎట్లు వచ్చినదనగా, “పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా కదండీ. రోజూ పంచుకునేదే,” అనెను. తప్పిన పాఠములు వానికి వ్రాసియిచ్చిన దొక బాలిక. ఆమె కథ వేరు.

ఆమె పోట్లాడును. ఈ మాటను మేము నిందగా వ్రాయుట లేదు. అన్నపు గరిట చిన్నపిల్లల పళ్లెములలో సగమే పడుచున్నదని పోట్లాడినది. బాలికల మరుగుదొడ్డి గొళ్లెము విరిగి మూడు వారములైనదని పోట్లాడినది. ఇంటివద్ద నేమనుచుందురో గాని, పాఠశాలలో నామె వచ్చుచున్నదనగా గరిట సరిగా మునుగుచుండెను.

ఆరవ తరగతిలో నొక చిన్నది ఇంటినుండి డబ్బా తెచ్చుకొని, అందరితో కూర్చుండక, మెట్లమీద నొంటరిగా తినుచుండెడిది. ఇంటివారి ఆజ్ఞ. కారణము చదువరులు ఊహింపగలరు. మా పోట్లాట పిల్ల ఒకనాడు తన పళ్లెముతో పోయి ఆ మెట్టుమీద ప్రక్కన కూర్చుండి, “నీ పచ్చడి కొంచెం పెట్టవే” అన్నది. అంతే. ఉపన్యాసము లేదు, వాదము లేదు. మరునాడు ఆ మెట్లమీద నలుగురు. వారము తిరుగకముందే ఆ చిన్నది పచ్చడిడబ్బాతో సహా వరుసలోనికి వచ్చి కూర్చున్నది. తల్లి వచ్చి ఫిర్యాదు చేయగా మా ప్రధానోపాధ్యాయులవారు, “పిల్లలు కలిసి తిన్నారు. ఇందులో ఫిర్యాదేమిటమ్మా?” యని పంపివేసిరి. గోదావరి లంకలలో ఆకలిగొన్న బాటసారులకు జీవితాంతము అన్నముపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరును 2024లో ఈ బడిభోజనమునకు పెట్టిరి. ఆ పేరు మా వంటశాల గోడమీద నున్నది. అది గోడ దిగి మెట్లమీదికి వచ్చుటకు ఈ పిల్ల పూనుకొనవలసివచ్చెను.

టి.సి. చేతికిచ్చినపుడు ఆమె దానిని నిలబడియే చదివి, “సంతృప్తికరమని రాశారు. ఎవరికి మాస్టారూ?” అని యడిగినది. న్యాయశాస్త్రము చదువుదునని ఆమె చెప్పుచున్నది. మాకు సందేహము లేదు.

ఇక ఒక్కతె మిగిలినది. తరగతిలో మొదటి స్థానమామెది. అడుగనిదే మాటాడదు, అడిగినచో తక్కువ చెప్పదు. వ్యాసపుస్తకమునందు పాఠము ముగిసిన పిదప, అంచున, చీమలబారువంటి చిన్న యక్షరములతో ఒక ప్రశ్న వ్రాయుట ఆమె యలవాటు. మేమును అచ్చటనే చిన్న యక్షరములతో జవాబు వ్రాయుచుంటిమి. రెండేండ్లుగా మా సంభాషణమంతయు ఆ అంచులలోనే జరిగినది. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిన సంగతి చెప్పిననాడు ఆమె వ్రాసిన ప్రశ్న యిది: “ఆ బడిలో చదువు అయిపోయాక ఆ పిల్లలు ఎక్కడికి వెళ్ళారు?”

ఫిబ్రవరిలో నామె తండ్రి వచ్చి పుట్టినతేదీతో స్టడీ సర్టిఫికెట్టు కావలెననెను. కారణమడుగగా దాచలేదు. సంబంధము వచ్చినది. వరుడు దగ్గరి బంధువు, కువైటులో ఉద్యోగము, కట్నము వలదన్నారు. పిల్లకు పదునైదు నిండి కొలది నెలలైనవి.

ఆయనను దుర్మార్గునిగా చిత్రించుట సులభము. కాని ఆయన అట్టివాడు గాడు. కౌలుసాగు, అప్పులు, వ్యాధిగ్రస్తురాలైన భార్య. కుమార్తె మార్కుల పత్రములను తన ఆధారుకార్డుతో కలిపి ప్లాస్టిక్కు సంచిలో దాచుకొనిన మనిషి. మేము చట్టము చెప్పితిమి. 1929లో శారదా చట్టము బాలికకు 14 ఏండ్లని విధించినది. 1978లో దానిని 18 చేసిరి. 2006 చట్టము ప్రకారము బాల్యవివాహము జరిపించువారును, ప్రోత్సహించువారును శిక్షార్హులు. 1098 అను సంఖ్యకు ఎవరు టెలిఫోను చేసినను అధికారులు వత్తురు. దీనిని బెదిరింపుగా గాక, తెలియవలసిన సంగతిగానే చెప్పితిమి. ఆయన తల వంచుకొని విని, తుద కిట్లనెను: “చట్టం మీరు చెప్పారు, బాగుంది. కాలేజీ పన్నెండు కిలోమీటర్లు. పొద్దున ఏడింటికో బస్సు, రాత్రి ఎనిమిదింటికో బస్సు. ఆ చీకట్లో గట్టుమీద ఆడపిల్ల ఒక్కత్తీ నడిచి రావాలి. ఆ సంగతి ఎవరు చెబుతారండీ?”

బాల్యవివాహములను గూర్చి మేము చాల చదివితిమి, కొంత వ్రాసితిమి. అజ్ఞానమనియు, మూఢాచారమనియు కారణములు చూపుదురు. మా యూరిలో దాని కారణములలో నొకటి రాత్రి యెనిమిది గంటల బస్సు. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో టిక్కెట్టు లేదు. మేలైన పని. అయిదుగంటల వేళ టిక్కెట్టులేని యా బస్సు మా గట్టుమీదికి వచ్చినచో ఇంకను మేలు. తల్లిదండ్రుల భయము నంతటిని మూఢత్వమని త్రోసివేయు సంస్కర్తలు ఒకనాడు ఆ గట్టుమీద నడిచి చూడవలెను.

మండల కేంద్రము దాటిన పిదప నున్న యొక కస్తూర్బా బాలికా విద్యాలయములో ఇంటర్మీడియట్టు వరకు చదువును, వసతియు నుచితముగా నున్నవి. దరఖాస్తు కాగితము తెచ్చి వారింటికి పోయితిమి. తండ్రి మంచము వాల్చి కూర్చుండబెట్టెను గాని, సంతకము మాట యెత్తలేదు. అప్పుడు మాటాడినది వీధియరుగుమీద కూర్చున్న నాయనమ్మ. “నాకు పదమూడో ఏట పెళ్ళి చేశారు బాబూ. అప్పుడు కాలేజీ లేదు, బస్సు లేదు, అందుకని ఎవర్నీ ఏమీ అనలేదు. ఇప్పుడు ఇది ఎవర్ని అనాలి?” తండ్రి లేచి పశువులకు మేతవేయ బోయెను. మేము కాగితమచ్చటనే యుంచి వచ్చితిమి.

వీడ్కోలు సభనాడు బాలికలందరు తల్లుల చీరలు కట్టుకొని వచ్చిరి. ఈ పిల్లయు కట్టుకొన్నది. వచ్చిన పెద్దలలో నొకరు మురిపెముగానే, “అచ్చం పెళ్ళికూతురిలా ఉన్నావే!” అనిరి. ఆమె మారుమాటాడక ఇంటికి పోయి, అరగంటలో పాఠశాల దుస్తులతో తిరిగివచ్చి వరుస చివర కూర్చున్నది. ఎవరికి నేమియు చెప్పలేదు. కొంతసేపటికి మా పోట్లాట పిల్ల కనబడదాయెను. మరికొంతసేపటికి ఆమెయు పాఠశాల దుస్తులతో వచ్చి ప్రక్కన కూర్చున్నది. అనుకరణపు పిల్లవాడు వేదికమీదనుండి చూచి, నవ్వించుట ఒక్క నిమిషము మరచెను.

ఫలితములు వచ్చినవి. ఆమెకు 600కు 571. తీరపు పిల్లవాడు ఉత్తీర్ణుడై, ఇపుడు వేటనిషేధపు దినములలో తండ్రితో కూడి వల బాగుచేయుచున్నాడు. మరమ్మతులవాడు హిందీలో గట్టెక్కెను. ఎట్లో హిందీ మాస్టారికే యాశ్చర్యము.

టి.సి.లు చాలమంది తీసికొనిపోయిరి. ఆమెది బీరువాలో నుండిపోయినది. నిన్న మధ్యాహ్నము తండ్రి వచ్చెను. చాలసేపు వరండాలో నిలిచి, కండువాతో ముఖము తుడుచుకొని, లోనికి వచ్చి ప్లాస్టిక్కు సంచి విప్పెను. అందులో నుండి మేమిచ్చిన కాగితము, నాలుగు మడతలుగా మడిచినది, బయటకు తీసి బల్లమీద సాపుచేసెను. అడుగున సంతకమున్నది.

“దుప్పటీ, పెట్టె వాళ్లే ఇస్తారాండీ? మనమే కొనాలా?” అని యడిగెను.