నాలుగంగుళముల యెత్తు

అమ్మకు ఒంట్లో నలతగా నున్నదని కబురు రాగా, మాఘమాసమున పది దినములు పుట్టినింట నుండి వచ్చుటకు కొవ్వూరునకు పోయితిని. రాజమహేంద్రవరమున కాపురమున్నవారికి కొవ్వూరు ప్రయాణమనగా గోదావరిని దాటుటయే. ఆ కొద్దిపాటి ప్రయాణమును ఎన్ని మారులు చేసినను నేను కిటికీ ప్రక్క చోటునకై చిన్నపిల్లవలె తొందరపడుదును. ఆనాడు మా బండి 1997లో పూర్తియైన కమానుల వంతెన మీదుగ పోయినది. 28 విండ్లను వరుసగా బోర్లించినట్లుండు ఆ కమానుల నీడలు ఒకదాని వెనుక నొకటి ఒడిలో పడుచుండగా, దాదాపు నూరేండ్లు రైళ్లను మోసి పని చాలించుకొన్న హేవలాకు వంతెనయు, క్రింద రైలును పైన రోడ్డును మోయు 1974 నాటి వంతెనయు కానవచ్చెను. నీరు తగ్గి ఇసుకతిన్నెలు తేలియుండెను.

మా యూరి గోష్పాద రేవును గూర్చి సోదరీమణులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. గౌతముని తపస్సు, గోవు అడుగు, ఆ గోవూరే కొవ్వూరగుట, ఇవి పుష్కరములకు వచ్చిన ప్రతివారును విన్నవే. 2022లో జిల్లాలను మార్చినప్పుడు మమ్ము పశ్చిమమునుండి తూర్పుగోదావరిలో చేర్చిరి. ఏటికి పడమటి యొడ్డున నుండియు మేము తూర్పువారమైతిమని మా నాన్నగారు ఇప్పటికిని నవ్వుచుందురు.

వాకిటిలో అడుగిడగనే నాకు కనబడినది అమ్మ కాదు, చక్రములూడిన జీపు. నాలుగు కొయ్యమొద్దులపై నిలిచిన ఆ బండి క్రింద మా తమ్ముని కాళ్లు మాత్రము బయటకున్నవి. మా తాతగారు నాకు భారతము చెప్పిన అరుగు మీద ఇనుప పలకలు, బోల్టులు, నూనె గుడ్డలు పరచియున్నవి. అమ్మ నలతకు మందు ఆ వాకిలి శుభ్రపడుటయే యని నాకు అప్పుడే తోచినది.

తమ్ముడు ఆ జీపును పోలవరము మీదుగను, బుట్టాయగూడెము పైని పల్లెలకును త్రిప్పుచుండును. సంతకు పోవు కోయలు, కొండరెడ్లు, వారి మూటలు, కోళ్లు, ఒక్కొక్కప్పుడు రోగులు. బొంబాయిలో మహీంద్రావారు 1940ల తుది యేండ్లలో విల్లీసు జీపులను కూర్చుట మొదలిడినది లగాయతు ఆ వంశమున పుట్టిన పాత బండ్లలో నిది యొకటి. చాల చేతులు మారి వీని చేతికి వచ్చినది.

గడచిన శ్రావణమున ఒక రాత్రి నిండుచూలాలిని ఎక్కించుకొని వచ్చుచుండగా, వాగు నడుమ జీపు రాతిపై కూర్చుండిపోయినదట. చక్రములు తిరుగును గాని బండి కదలదు. నీరు పెరుగుచున్నది. వెంటనున్న మగవారు ఆమెను నులకమంచముపై భుజములకెత్తి వాగు దాటించి, ఆవల మరియొక బండి దొరకువరకు నడచిరి. తల్లియు బిడ్డయు బ్రతికిరి. కాని ఆ రాత్రి మొదలు వీనికి నిదుర లేదు. బండిని నాలుగంగుళములు ఎత్తుచేసి తీరవలెనని పట్టు పట్టినాడు. క్రొత్త సామానుకు డబ్బు చాలక తానే చేయ మొదలిడెను.

నాలుగంగుళములనగనే నాకు ధర్మరాజు రథము జ్ఞప్తికి వచ్చినది. ద్రోణపర్వమున ఆ యొక్క మాట పలుకువరకు ఆయన రథము నేలనంటక నాలుగంగుళముల ఎత్తున నడచెడిది గదా! కర్ణుని చక్రము నేల దిగబడుట వేరొక కథ. ఈ రెంటి నడుమనే మా తమ్ముని బ్రతుకంతయు నున్నదని తలచితిని.

బండి యెత్తు ఎట్లు పెరుగునో వాడు నాకు అరుగు మీదనే చూపెను. చక్రముల నడిమి ఇరుసునకును, పైని చాసీకిని మధ్య ఉక్కు పట్టీల కట్ట యొకటి విల్లువలె వంగియుండును. దానినే పనివారు కమాను కట్ట యందురు. నేను దాటి వచ్చిన వంతెనకు నదే పేరు, దీనికి నదే పేరు. కట్టకు ఒక కొన చాసీకి స్థిరముగా బిగించి, రెండవ కొనను రెండు చిన్న పలకల ఉయ్యాలకు తగిలింతురు. బరువు పడి విల్లు సాగినప్పుడు ఆ కొన ముందు వెనుకలకు ఊగవలయును గదా! ఆ ఉయ్యాలను షాకిల్ అందురు. తమ్ముడు చేసినవి పొడవైన షాకిళ్లు. ఒక కొన మాత్రమే దిగును గనుక షాకిల్ రెండంగుళములు పెంచినచో బండి లేచునది అంగుళమే. తక్కిన యెత్తు కొరకు ఇరుసునకును కమానునకును నడుమ ఇనుప దిమ్మలు చేసి, పొడుగు యూ బోల్టులతో బిగించెను. పది మిల్లీమీటర్ల పలకను పాత ఇనుము కొట్టునుండి తూకమునకు తెచ్చి, గ్యాసు మంటతో తానే కోసి, ఆకురాయితో నున్నచేసెను. “అక్కయ్యా, కొంటే ఎంతవుతుందో తెలుసా? ఇవన్నీ నా చేతులతో చేశాను” అని వాడనినప్పుడు నాకును గర్వముగానే యుండెను.

మూడవనాడు చక్రములు తొడిగి, తాళ్లపూడి దిక్కుగా ఏటిగట్టు రోడ్డున నన్ను కూర్చుండబెట్టుకొని బయలుదేరెను. ఎక్కుటకే నాకు చీర కుచ్చెళ్లు చేతబట్టి రెండుమారులు ప్రయత్నింపవలసి వచ్చినది. పోవునంతవరకు ఏనుగుపై ఊరేగినట్లుండెను. ఇంతలో ఒక గేదె అడ్డము వచ్చినది. బ్రేకు వేయగనే బండి ముక్కు పాము పడగవలె ప్రక్కకు తిరిగి, గట్టు అంచున నిలిచినది. క్రింద గోదావరి. గేదె మా వంక చూచి తన దారిని తాను పోయెను.

తమ్ముని మొగమున రక్తము లేదు. దిగి బండి క్రిందికి వంగి చూచితిమి. ముందు దిమ్మ యొకటి ఒరిగియున్నది. చక్రమునకు పోవు బ్రేకు గొట్టము వీణతంతివలె బిగిసియున్నది. ఇరుసు ఇంకొక గుంతలో దిగియున్నచో తెగిపోయెడిదే. మరి బ్రేకెక్కడిది? ఆటబొమ్మవలె మెల్లగా నడుపుకొనుచు, మాట లేకుండ ఇల్లు చేరితిమి. అమ్మకు చెప్పలేదు. అయినను ఆమెకు తెలిసినది. తల్లులకు ఎవరు చెప్పుదురో!

మరునాడు నేనే పట్టుబట్టి వానిని ఊరి వెలుపలనున్న ముసలి కమ్మరి యొద్దకు తీసికొనిపోయితిని. ఆయన తన పడుచుదనమున ఎడ్లబండ్ల చక్రములకు ఇనుప పట్టాలు కాల్చి తొడిగెడివాడు. కాలిన పట్టా సాగి కొయ్యచక్రముపై ఎక్కును. నీళ్లు పోయగనే ముడుచుకొని కరచుకొనును. ఇప్పుడు లారీల కమానులు ఎత్తించుట ఆయన జీవనము. ఆయన జీపును చూడలేదు, ముందుగా షాకిళ్లను చేత త్రిప్పి చూచెను.

“మంటతో కోసిన బెజ్జం అండీ ఇది. అంచు నెర్రిచ్చి అక్కణ్ణించే పగులుతుంది. బెజ్జం డ్రిల్లుతో వెయ్యాలి. రెండు పలకల మధ్య అడ్డకడ్డీ ఏదబ్బాయ్? లేకపోతే పక్కకి ఊగదా మరి?” అని, బోల్టు తలను గోటితో గీచి, “దీని మీద అంకె లేదు” అనెను. మంచి బోల్టు తలపై 8.8 వంటి అంకె యుండవలెనట. ఆ మొదటి యెనిమిది దాని బలమునకును, రెండవది ఆ బలములో ఎంతవరకు సాగక నిలుచునో దానికిని గుర్తు. ముందు ఇరుసుపై దిమ్మలు పెట్టనే కూడదట; బ్రేకు వేసినప్పుడు బరువంతయు ముందుకు వచ్చి ఇరుసు మెలితిరుగబోవును, దిమ్మ జారును.

పిమ్మట ఆయన అడిగిన ప్రశ్న మమ్ము నిరుత్తరులను చేసినది. “వాగులో రాయికి తగిలిందేంటి?”

“వెనక ఇరుసు మధ్యనున్న గుండ్రటి పెట్టె” అనెను తమ్ముడు.

“కమాను ఎత్తితే లేచేది పైనున్న బండి అండీ. ఇరుసు చక్రానికి అంటుకుని ఉంటుంది కదా, అదెలా లేస్తుంది?”

నిజమే గదా! ఇన్ని నాళ్లు ఇనుము కోసిన వానికిని, ఇన్ని పర్వములు చదివిన నాకును తోచలేదు. ఇరుసు ఎత్తు చక్రపు టైరు ఎత్తులో సగమే. టైరు రెండంగుళములు పెద్దదైనచో ఇరుసు ఒక అంగుళము లేచును. కమానుతో దానికి పని లేదు. ఆయన నేలపై కూర్చుండి కొలిచి చెప్పినదేమనగా, ఈ బండికి ముందటి యజమాని చవుకగా దొరకిన చిన్న టైరులు వేసియున్నాడు. ఏండ్ల తరబడి అధికభారము మోసి కమానులు చతికిలబడినవి. అనగా బండి ఎత్తు చాలక కాదు, ఉన్న ఎత్తును పోగొట్టుకొని కూర్చున్నది!

ఆ రాత్రి ఫోనులో సంగతి విని మా యింటివారు, బడిలో లెక్కలు చెప్పువారు గనుక, కాగితమెత్తిరి. ఆ జీపు చక్రముల నడిమి వెడల్పు సుమారు నాలుగడుగులు. బరువు కేంద్రము నేలకు రెండడుగుల ఎత్తున నున్నదనుకొన్నచో, ప్రక్కకు 45 డిగ్రీలు ఒరిగినగాని పొర్లదు. నాలుగంగుళములు లేపినచో సుమారు 40 డిగ్రీలకే పొర్లును. పైన మూటలు, మనుష్యులు ఎక్కినచో నింకను ముందే. చట్టమును గూడ గుర్తుచేసిరి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము తయారుచేసినవారి లెక్కకు విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019లో సుప్రీముకోర్టును ఆ మాటనే గట్టిగా చెప్పినది.

“ఎత్తు పెంచుట సరే, ఆ నిండుచూలాలు ఎట్లెక్కును? నేనే రెండుమారులు జారితినే” అని నేనంటిని. తమ్ముడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట స్పానరు తీసికొని తాను బిగించినవన్నియు తానే విప్పెను. దీపము పట్టుకొని నేను ప్రక్కన కూర్చుంటిని.

కమాను ఎత్తించు పనిని నేను రెండు పూటలు కూర్చుండి చూచితిని. కట్ట విప్పి పట్టీలను వేరుచేసిరి. ఇన్ని పట్టీలేల, ఒక్క దళసరి పట్టీ చాలదా యని అడిగితిని. పట్టీ మందము రెట్టింపైనచో బిరుసు ఎనిమిది రెట్లగునట. అదే రెండు పట్టీలు ఒకదానిపై నొకటి వేసినచో రెండు రెట్లే. పుస్తకమును వంచి చూడుడు, పుటలు ఒకదానిపై నొకటి జారి వంగును. అంత దళసరి కొయ్యపలక వంగదు. ఆయన పట్టీని కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, పాత విల్లు వంపునకు సుత్తితో తెచ్చి, నూనెలో ముంచెను. అప్పుడది గాజువలె పెళుసగును. మరల సన్నని వేడి పెట్టి, కొయ్యపుల్లతో రాచి చూచెను. పుల్లనుండి నిప్పురవ్వలు మెరసినప్పుడు వేడి చాలునని తీసి ప్రక్కన బెట్టెను. ఈ రెండవ వేడి తప్పినచో పట్టీ విరుగును. ఎక్కువైనచో మెత్తబడి మరల చతికిలబడును. వెల్డింగు మాత్రము కమానుకు తగులనీయరాదని మా తమ్ముని చెవి పట్టుకొన్నంత పని చేసెను.

షాకిళ్లు కంపెనీ పొడుగువే కొన్నాడు. టైరులు బండి పుస్తకములో వ్రాసిన కొలతవి వేయించెను. ఆ డబ్బునకు మరదలు తన గాజులిచ్చినదని నాకు తరువాత తెలిసినది. ఆ సంగతి వ్రాయవద్దన్నది గాని వ్రాయకుండలేకపోతిని. ఇరుసు ఒక అంగుళము లేచినది. చతికిలబడిన చాసీ తన మొదటి యెత్తునకు వచ్చినది.

నేను బయలుదేరుటకు ముందునాడు అమ్మను కూడ తీసికొని అందరము పట్టిసీమకు పోయితిమి. ఏటి నడిమి దేవకూటాద్రికి పడవ దొరకు రేవువరకు ఇసుకలో జీపు దిగబడక పోయినది. దారిలో తమ్ముడు కావలెననియే రెండుమారులు గట్టిగా బ్రేకు వేసెను. బండి గీత గీచినట్లు నిలిచెను. అమ్మ ముందటి సీటు కడ్డీ పట్టుకొని, “వీరభద్రుడా!” అనుట తప్ప మరేమియు అనలేదు.

కోసిన పలకలు వృథా పోలేదు. తమ్ముడు వాటిని నాలుగు కాళ్లుగా అతికి, పైన గరుకురేకు వేసి, జానెడెత్తు ఇనుప పీట చేసి జీపులో వెనుక కట్టియుంచినాడు. రేవున మొట్టమొదట దానిపై కాలు మోపి దిగినది అమ్మ. “కొంచెం కదులుతోందిరా, ఒక కాలు పొట్టి” అన్నది.