పాత పాట, కొత్త బాణీ

ర్యాపర్లు కొత్త ఆల్బం తెస్తే పాత అభిమానులు మూతి ముడుచుకునుడు చూసి నవ్వుకునేటోణ్ణి. ‘జయ జయహే తెలంగాణ’ దగ్గరికొచ్చేసరికి నేనూ అదే బాపతని తేలింది.

2024 జూన్ 2న కీరవాణి బాణీతో రాష్ట్ర గీతంగా వచ్చింది. ఉద్యమప్పుడు జనగామ సభల్ల విన్న చెవులకు మరీ నున్నగ అనిపించింది. ఆంధ్ర సంగీత దర్శకుడెందుకన్న లొల్లి నాకు పట్టలే. గరుకుదనం పోయిందనే నా బాధ.

భూపాలపల్లి సింగరేణి దోస్తు మాత్రం, "రాసినోడు మన రేబర్తి అందెశ్రీయేనాయె, ఆయనకు లేని నొప్పి నీకెందుకుర?" అన్నడు. మాట నిజమే. ఆ అందెశ్రీ 2025 నవంబర్ 10న పోయిండు.

మానుకోటల మా అక్క బిడ్డకు కొత్త బాణీ ఒక్కటే తెలుసు. కండ్లు మూసుకొని పాడ్తది.

నాకైతే ఇంకా పాతదే ఇష్టం.