సమానం గుర్తుకు అటూ ఇటూ

కృష్ణా డెల్టాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఎనిమిదో తరగతి గది. లెక్కల టీచరుగారు బోర్డు మీద నిలువుగా రెండు గీతలు గీసి దాన్ని మూడు గళ్లు చేశారు. మొదటి గడిలో లెక్క. రెండో గడిలో ‘ఏం చేశాం’. మూడో గడిలో ‘ఎందుకు చేయొచ్చు’. మొదటి రెండూ నింపించే మాస్టర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మూడో గడి కోసమే నేను ఈ బడి వెతుక్కుంటూ వచ్చాను.

చివరి బెంచీలో నాకు చోటిచ్చారు. టీచరుగారు పుస్తకం తియ్యమనలేదు. “మనసులో ఒక సంఖ్య అనుకోండి. మూడుతో గుణించండి. అయిదు కలపండి. ఎంతొచ్చింది?” అని అడిగారు. కిటికీ పక్కనున్న అమ్మాయి “ఇరవై టీచర్” అంది. “నువ్వనుకున్నది అయిదు.” ఇక చూడాలి, ఎన్ని చేతులు లేచాయో! ఆ ఆట కాసేపట్లో పిల్లల చేతుల్లోకి వెళ్లిపోయింది. కిటుకు ఎవరూ చెప్పకుండానే పట్టేశారు: చివర కలిపినదాన్ని ముందు తీసెయ్యాలి, మొదట గుణించినదానితో చివర భాగించాలి.

ఫలితం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచే ఈ పద్ధతి మన గణితంలో చాలా పాతది. ఆర్యభటుడు 499 నాటికే చెప్పాడు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో దీన్ని విలోమ విధిగా వివరించాడు. పిల్లలకు ఇది బలే నచ్చుతుంది. అయితే దీనికొక హద్దుంది, దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

అప్పుడు బోర్డు మీద 3ఎక్స్ + 5 = 20 అని రాశారు. ముందు బెంచీ అబ్బాయి వెంటనే, “అయిదు అటు వెళ్తే మైనస్ అవుద్ది టీచర్” అన్నాడు. ట్యూషన్‌లో నేర్చుకున్న మాట. “అదంతట అది వెళ్లిందా నాన్నా? ఏం చేస్తే వెళ్లింది?” అని అడిగారావిడ. గది కాస్త తడబడింది. రెండువైపులా అయిదు తీసేశాం కాబట్టి ఎడమ పక్క అయిదు పోయింది, కుడి పక్క ఇరవై కాస్తా పదిహేనయింది. ఈ మాట రాబట్టడానికి అయిదారు నిమిషాలు పట్టింది. ఆవిడ తొందరపడలేదు. తర్వాత మూడో గడిలో ఆ అబ్బాయి చేతే రాయించారు: ‘సమానమైన వాటిలోంచి సమానంగా తీసేస్తే మిగిలినవీ సమానమే.’

అటు పంపితే గుర్తు మారుతుందన్నది తప్పు కాదు. దారి తెలిసినవాడికి అది అడ్డదారి. దారి తెలియని పిల్లవాడు 3ఎక్స్ = 15 దగ్గరికి వచ్చి అదే సూత్రం పట్టుకుని మూడును కూడా అటు పంపుతాడు, 15 − 3 = 12 అని రాస్తాడు. ఆ రోజు నోటుపుస్తకాల్లో నాకు ఈ పన్నెండు కనిపించింది. అది బద్ధకం వల్ల వచ్చింది కాదు. కారణం లేకుండా అందిన సూత్రాన్ని పిల్లవాడు నమ్మకంగా పాటించడం వల్ల వచ్చింది.

ఆవిడకు ఇంకో పట్టుదల ఉంది. సమానం గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి రావాలి, ఒక్కో వరుసలో ఒక్కటే ఉండాలి. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశస్థుడు, రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి వేరే ఉండవనుకుని ఈ గుర్తును ఎంచుకున్నాడు. చిన్న తరగతుల నుంచి మన పిల్లలకు మాత్రం అది ‘జవాబు ఇక్కడ రాయి’ అని చెప్పే గుర్తు. అందుకే 3 × 5 = 15 + 5 = 20 అని గొలుసుగా రాసేస్తారు. పదిహేనూ ఇరవయ్యీ సమానమని రాసినట్టయిందని వాళ్లకు తట్టదు. సమీకరణం అర్థం కావాలంటే ముందు ఈ అలవాటు వదలాలి.

రెండో లెక్క తండ్రీ కొడుకులది. ఇప్పుడు తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. పన్నెండేళ్ల తర్వాత రెండు రెట్లు అవుతుంది. కొడుకు వయసు ఎక్స్ అనుకుంటే 3ఎక్స్ + 12 = 2(ఎక్స్ + 12). ఇక్కడ వెనక్కి నడిచే ఆట పనిచెయ్యదు. ఎక్స్ రెండువైపులా ఉంది, ఎక్కడి నుంచి వెనక్కి నడుస్తాం? నా మటుకు నాకు బీజగణితం నిజంగా మొదలయ్యేది ఇక్కడే. తెలియని సంఖ్యను కూడా తెలిసిన సంఖ్యలాగే కూడాలి, తీసెయ్యాలి.

బోర్డు దగ్గరికి వచ్చిన అమ్మాయి కుడివైపు 2ఎక్స్ + 12 అని విడదీసింది. బ్రాకెట్ బయటి రెండు, లోపలి పన్నెండును తాకలేదు. ఎక్స్ = 0 వచ్చింది. టీచరుగారు చెరపలేదు, తప్పని కూడా అనలేదు. “సరిచూడమ్మా” అన్నారంతే. ఆ అమ్మాయి పైకే చదివింది: “కొడుకుకి సున్నా ఏళ్లు, తండ్రికి మూడు సున్నాలు... సున్నా. పన్నెండేళ్ల తర్వాత ఇద్దరికీ పన్నెండు.” ఆగింది. తండ్రి వయసు రెట్టింపు కావాలి కదా! వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ చూసుకుని, పన్నెండు చెరిపి ఇరవై నాలుగు వేసింది. 3ఎక్స్ + 12 = 2ఎక్స్ + 24. రెండువైపులా 2ఎక్స్ తీసేస్తే ఎక్స్ + 12 = 24, పన్నెండు తీసేస్తే ఎక్స్ = 12. కొడుకుకి పన్నెండు, తండ్రికి ముప్పై ఆరు. పన్నెండేళ్లకు ఇరవై నాలుగు, నలభై ఎనిమిది. తప్పును తనే పట్టుకుంది, తనే దిద్దుకుంది. ఆ పీరియడ్ మొత్తంలో ఇంతకంటే విలువైనది నేను చూడలేదు.

భిన్నాల లెక్క గంట కొట్టేలోపు హడావుడిగా సాగింది. ఎక్స్‌లో సగం, ఎక్స్‌లో మూడో వంతు కలిపితే పది. కసాగు ఆరుతో ఎడమవైపు గుణించి, కుడివైపు పదిని వదిలేసినవాళ్లకు రెండు వచ్చింది. రెండులో సగం ఒకటి, మూడో వంతు ఒకటి కూడా కాదు, పది ఎలా అవుతుంది? మళ్లీ చేశారు, పన్నెండు వచ్చింది.

పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పిల్లలు ఎల్‌హెచ్‌ఎస్, ఆర్‌హెచ్‌ఎస్ అనే అంటారు, అందులో ఇబ్బందేమీ లేదు. మూడో గడి మాత్రం టీచరుగారు తెలుగులోనే రాయిస్తారు. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి వందల ఏళ్లు దాటింది. లెక్కలో కారణం చెప్పడం మన భాషకు కొత్త కాదు.

స్టాఫ్‌రూమ్‌లో ఆవిడ తన కష్టం చెప్పారు. ఇలా చెబితే సిలబస్ వెనకబడుతుంది. కానీ పదో తరగతిలో రేఖీయ సమీకరణాల జత, వర్గ సమీకరణాలు ఈ మెట్ల మీదే నిలబడాలి. పబ్లిక్ పరీక్షలో మెట్లకూ మార్కులుంటాయి. ఇప్పుడు పోయే సమయం అప్పుడు తిరిగి వస్తుందని ఆవిడ నమ్మకం. నోటుపుస్తకాలు చూశాక నాదీ అదే మాట.

మీ ఇంట్లో ఏడో, ఎనిమిదో చదివే పిల్లలుంటే ఒక్క పని చెయ్యండి. సమీకరణం చేసి “కరెక్టేనా?” అని అడిగితే అవునని గానీ కాదని గానీ చెప్పకండి, పుస్తకం చివరి పేజీ తిప్పనివ్వకండి. వచ్చిన సంఖ్యను లెక్క మొదటి వరుసలో పెట్టి చూసుకోమనండి.