పిలిచింది ఎవరు?

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్ళందరికీ బాగా పరిచయమైన మాట ఒకటుంది. దేవుని చిత్తం. పెళ్ళి కుదిరితే దేవుని చిత్తం, తప్పిపోతే అదీ దేవుని చిత్తమే. ఉద్యోగం వచ్చినా, సీటు రాకపోయినా, ఇల్లు కట్టినా, ఊరు మారినా... అన్నింటికీ ఆ మాటే. జరిగిపోయినదాన్ని ఒప్పుకోవడానికి అది గొప్ప ఓదార్పు. చిక్కంతా జరగబోయేదాని దగ్గరే. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్ళున్న పిల్లవాడు రెండు దారుల మధ్య నిలబడి, "ఆ చిత్తమేదో నాకెట్లా తెలుస్తుంది?" అని అడిగితే, ఆ మాటను రోజూ వాడే పెద్దలమే జవాబు కోసం తడుముకుంటాం.

కొన్నేళ్ళ కిందట ఈ ప్రశ్న మా మేనల్లుడి రూపంలో నా దగ్గరికి వచ్చింది. వాళ్ళది పుంగనూరు. వాడు పుట్టిన నెలలోపే జబ్బుచేసి ప్రాణం మీదికి వస్తే, "వీడు బతికితే నీ సేవకే ఇస్తాను ప్రభువా" అని మా అక్క మొక్కుకుంది. వాడు బతికాడు. సంఘంలో సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ మా అక్క ఆ మొక్కుబడి సంగతి చెప్పేది. విన్నవాళ్ళు వాడి తల నిమిరి "కాబోయే అయ్యగారు" అనేవారు. డిగ్రీ పూర్తయ్యేసరికి వాడి చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి బైబిలు కళాశాల దరఖాస్తు. రెండోది బెంగళూరులో ఒక కంపెనీ ఇచ్చిన ఉద్యోగపు ఉత్తర్వు. రెండింటికీ గడువు దాదాపు ఒకటే, ఇంకో నెలరోజులు.

మదనపల్లెలో మా ఇంటికొచ్చి, అన్నం తినకుండా కూర్చుని, "మామా, మొక్కింది అమ్మ. నేను కాదంటే దేవుడికి బాకీ పడినట్టేనా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నాకు తట్టింది హన్నా కథే. బిడ్డలు లేని హన్నా మొక్కుకుని, పుట్టిన సమూయేలును పాలు విడిపించాక షిలోహు మందిరంలో అప్పగించి వెళ్ళింది. మొక్కుబడుల మీద మనం వినే ప్రసంగాలు సాధారణంగా ఇక్కడ ఆగిపోతాయి. కథ మాత్రం ఆగదు. సమూయేలు మందిరంలోనే పెరిగాడు, పరిచర్య చేశాడు, దీపం వెలిగేచోటనే పడుకున్నాడు. అయినా అప్పటికింకా అతను దేవుణ్ణి ఎరగడని గ్రంథమే చెబుతుంది. తల్లి మొక్కు అతన్ని మందిరం దాకా తేగలిగింది, అంతవరకే. ఒక రాత్రి తన పేరున వచ్చిన పిలుపును తన చెవులతో తానే వినవలసి వచ్చింది. మూడుసార్లు దాన్ని ముసలి ఏలీ గొంతనుకుని లేచి పరుగెత్తాడు.

ఆ రాత్రి ఏలీ చేసిన పని ఎంత చిన్నదో చూడండి. మొదటి రెండుసార్లూ తాను పిలవలేదని చెప్పి, వెళ్ళి పడుకోమన్నాడు. మూడోసారి సంగతి గ్రహించి, మళ్ళీ పిలుపు వస్తే ఏమని బదులివ్వాలో నేర్పాడు. దేవుడు నీకు చెప్పబోయేది ఇదీ అని తానుగా చెప్పలేదు. అంత అనుభవమున్న యాజకుడు తన గొంతును దేవుని గొంతుగా చలామణి చేసుకునే అవకాశాన్ని వదులుకున్నాడు. పెద్దరికమంటే అదేననిపిస్తుంది నాకు.

అందుకే మా వాడితో ఇంతే అన్నాను. "అమ్మ మొక్కు అమ్మది. అది నిన్ను చర్చి గుమ్మం దాకా తెచ్చింది. ఇకమీద వినాల్సింది నువ్వే."

"ఎట్ల వినేది మామా?"

ఈ ఎట్లా అన్నదానికి ఒక పాత జవాబు వాళ్ళ ఊరికి మూడు వందల ఏళ్ళ కిందటే వచ్చి ఉంది. 1521లో స్పెయిన్‌లో పాంప్లోనా కోట దగ్గర జరిగిన పోరులో ఫిరంగి గుండు తగిలి, ఇగ్నేషియస్ లొయోలా అనే సైనికుడు కాలు విరిగి నెలల తరబడి మంచం పట్టాడు. కాలక్షేపానికి వీరగాథలు అడిగితే ఆ ఇంట్లో అవి లేవు. దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు. పడుకుని పగటి కలలు కనేవాడు. రాజాస్థానంలో పరాక్రమం చూపి ఒక గొప్పింటి స్త్రీ మెప్పు పొందినట్టు కొన్ని. అన్నీ వదిలి పునీతుల్లా బతికినట్టు కొన్ని. కంటున్నంతసేపూ రెండూ తియ్యగానే ఉండేవి. కల ముగిశాక మొదటిది మనసును ఎండగట్టి పోయేది, రెండోది నిమ్మళాన్ని మిగిల్చేది. ఆ తేడాను గమనించడంతోనే అతని వివేచన మొదలైంది. తర్వాత దాన్ని క్రమపరచి "ఆధ్యాత్మిక సాధనలు" అన్న చిన్న పుస్తకంగా రాశాడు. అది 1548లో అచ్చయింది. అతను స్థాపించిన యేసు సభలో చేరే ప్రతి ఒక్కరూ ఆ సాధనలు చేసి తీరాలి. 18వ శతాబ్దం తొలినాళ్ళలో కర్ణాటక మిషన్ పేరుతో ఫ్రెంచి జెసూట్ గురువులు సన్న్యాసుల వేషంలో, శాకాహారులై తెలుగు నేలకు వచ్చినప్పుడు, వారు మొదట నిలదొక్కుకున్న ఊళ్ళలో పుంగనూరు ఒకటి. ఆ సాధన చేసిన మనుషులు ఆ వీధుల్లో నడిచారన్నమాట.

మాది ప్రొటెస్టెంటు సంఘం. ఇగ్నేషియస్ పేరు మా ప్రసంగాల్లో వినబడదు. కానీ మంచినీళ్ళ బావి పక్కవాడి పొలంలో ఉందని దాహం తీరకుండా పోదు కదా! మా వాడికి ఒక నోటుపుస్తకమిచ్చి, రోజూ రాత్రి పడుకునేముందు ఒక్కో దారినీ ఎంచుకున్నట్టే ఊహించుకోమన్నాను. ఊహించేటప్పటి ఉత్సాహాన్ని కాదు, మర్నాడు పొద్దున లేచాక మిగిలినదాన్ని రాయమన్నాను. ఇగ్నేషియస్ చెప్పిన మరికొన్ని ఉపాయాలూ చెప్పాను. ముక్కూ మొహం తెలియని మరొకడు ఇదే చిక్కుతో వస్తే వాడికేం సలహా ఇస్తావో, అది నువ్వూ పాటించు. చావు ఘడియలో ఉన్నట్టు ఊహించుకుని, అప్పుడు ఏ నిర్ణయం తీసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుందో చూడు. లాభనష్టాలు రెండువైపులా రాసుకో. వెలుగులో తీసుకున్న నిర్ణయాన్ని మనసు చీకటిపడ్డ రోజున మార్చుకోకు.

ఇదంతా నిదానంగా సాగే వ్యవహారం. మన దగ్గర తేలిక దారులు చాలా ఉన్నాయి. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం. కొత్త సంవత్సరపు ఆరాధనలో చేతికి వచ్చిన వాగ్దానపు కార్డును ఉద్యోగానికో సంబంధానికో అన్వయించుకోవడం. సభలకు వచ్చిన ప్రసంగీకుడు తల మీద చెయ్యి పెట్టి చెప్పింది శిరసావహించడం. గిద్యోను ఉన్ని పరిచాడు గదా అని గురుతులు అడగడం. గిద్యోను ఉన్ని పరిచింది దేవుడు తన పని ఏమిటో స్పష్టంగా చెప్పిన తర్వాత. తెలియక అడిగిన ప్రశ్న కాదది, తెలిసినా చాలని ధైర్యం. యూదా స్థానంలో మత్తీయను ఎంచడానికి శిష్యులు చీట్లు వేసిన మాట నిజమే. పెంతెకొస్తు దినం తర్వాత మాత్రం వాళ్ళు చీట్లు వేసిన దాఖలా అపొస్తలుల కార్యములలో ఎక్కడా కనబడదు. యెరూషలేములో పెద్ద చిక్కు వస్తే కూర్చుని వాదించుకున్నారు, ఒకరి అనుభవం ఒకరు విన్నారు, అందరికీ సమ్మతమైన మాటను ఉత్తరం రాసి పంపారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ రూతు. ఆమెకు కల రాలేదు, దూత కనబడలేదు, ఆకాశం నుంచి మాట వినబడలేదు. విధవ అయిన అత్త ఒంటరిగా నడిచిపోతుంటే వదలలేకపోయింది. ప్రేమ చూపిన దారిన నడిచింది. దేవుని చిత్తం ఆ దారిలోనే ఉందని చాలా తర్వాత గాని ఎవరికీ తెలియలేదు.

మదనపల్లెలో ఉంటూ ఈ విషయం మాట్లాడేటప్పుడు జిడ్డు కృష్ణమూర్తిని దాటిపోలేం. ఆయన క్రైస్తవుడు కాడు. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. 1909లో, ఇంకా పిల్లవాడిగా ఉండగానే, రాబోయే జగద్గురువు ఇతడేనని దివ్యజ్ఞాన సమాజం పెద్దలు నిర్ణయించారు. 1911లో ఆయన కోసం ఒక సంఘమే ఏర్పాటుచేశారు. 1929లో హాలండులోని ఓమెన్‌లో, వేలమంది అనుచరుల ఎదుట, తనకోసం కట్టిన ఆ సంఘాన్ని తానే రద్దుచేశాడు. ఇతరులు నిర్ణయించిన పిలుపును, అదెంత గొప్పదైనా, కాదనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి! ఏ గురువూ అక్కరలేదన్న ఆయన ముగింపుతో క్రైస్తవుడు పూర్తిగా ఏకీభవించలేడు. సమూయేలుకు ఏలీ కావలసి వచ్చాడు, మనకూ సంఘం కావాలి. అయితే ఎవరో తొడిగిన అంగీని నీ చర్మమనుకోకు అన్న హెచ్చరిక మాత్రం మనకూ పనికొస్తుంది.

దీనికి ఎదురుగా నిలబడే కథ ఐడా స్కడ్డర్‌ది. మదనపల్లె, పుంగనూరు సంఘాలను పెంచిన ఆర్కాటు మిషన్ కుటుంబమే ఆమెది. 1870లో రాణిపేటలో పుట్టింది. తాతా తండ్రీ వైద్య మిషనరీలు. తాను మాత్రం మిషనరీ కానని తేల్చుకుంది. 1890లో జబ్బుతో ఉన్న తల్లికి సాయంగా అమెరికా నుంచి తిండివనం వచ్చింది. ఒక రాత్రి ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు మగవాళ్ళు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనలో ఉన్నారు. మగ వైద్యుడైన ఆమె తండ్రిని రానివ్వడానికి వారి ఆచారం ఒప్పుకోదు, ఆమెకేమో వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె డాక్టరు కావాలని నిర్ణయించుకుంది. కార్నెల్‌లో పట్టా పుచ్చుకున్నది 1899లో. వెల్లూరులో చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టింది 1900లో. ఇదే కథను మనం ఒక్క రాత్రి అద్భుతంగా చెప్పుకుంటాం. తలుపు చప్పుడుకూ మొదటి రోగికీ మధ్య దాదాపు పదేళ్ళు గడిచాయన్నది మరచిపోతాం. వంశాచారం ఆమెను కదిలించలేదు. గడప ముందు నిలబడ్డ అవసరం కదిలించింది.

మా వాడి గడప కుప్పంలో ఎదురైంది. ఆ నెల మధ్యలో వాళ్ళ తాతను అక్కడి ఒక ఆసుపత్రిలో చేర్చారు. పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో వెళ్ళి పన్నెండు రోజులు తోడుగా ఉన్నాడు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. వార్డులో ఒక మంచం మీద తెలుగు, పక్క మంచం మీద తమిళం, దాని పక్కన కన్నడం. మా వాడికి మూడూ వచ్చు. మొదట పక్క మంచం ముసలామెకు నర్సు చెప్పింది తమిళంలో చెప్పాడు. తర్వాత రాత్రిళ్ళు ఎవరికేం కావాలన్నా వాణ్ణే పిలిచేవారు. నోటుపుస్తకంలో ఉద్యోగం గురించి రాసిన పేజీల్లో జీతం ఉంది, పొద్దున లేచాక దిగులు ఉంది. సేవ గురించి రాసిన పేజీల్లో వేదిక ఉంది, మైకు ఉంది, తల నిమిరే చేతులున్నాయి, ఆపైన ఏమీ లేదు. ఆ పన్నెండు రోజుల పేజీల్లో వాడు ఏమీ ఊహించుకోలేదు. అలసట గురించి రాశాడు, నిద్ర గురించి రాశాడు. ఒకచోట, "ఈ రోజు నా గురించి నేను ఆలోచించలేదు" అని ఉంది.

వాడు రెండు కాగితాలనూ పక్కన పెట్టి నర్సింగులో చేరాడు. మగపిల్లవాడికి ఇదేం చదువని బంధువులు నవ్వారు. మా అక్క వారాల తరబడి వాడితో సరిగా మాట్లాడలేదు. ఆమె బాధ చిన్నదని నేననను. ఇరవై ఏళ్ళు మోసిన మాట ఆమెది. ఇప్పుడు రాత్రి డ్యూటీలు చేస్తున్నాడు. అది సుఖమైన జీవితమేమీ కాదు. ఇంకా మంచి దారి మరొకటి ఉండేదేమో, ఎవరు చెప్పగలరు? వివేచన అంటే తప్పిపోదన్న హామీ కాదు. ఆసియకూ, బితూనియకూ వెళ్ళబోయి రెండుచోట్లా అడ్డుపడ్డాకనే పౌలుకు మాసిదోనియ దారి కనబడింది. నడుస్తున్నవాడికే మలుపు తెలుస్తుంది.

మా వాడు మగపిల్లవాడు గనుక ఆ నెలరోజుల వ్యవధైనా దొరికింది. ఆడపిల్లల సంగతి? సంబంధం వస్తుంది. పెద్దలు ప్రార్థన చేస్తారు. దేవుని చిత్తం తెలిసిపోయిందంటారు. ఆ చిత్తం దాదాపు ప్రతిసారీ మన కులంలోనే, మన అంతస్తులోనే ఎందుకు బయటపడుతుందో ఎవరూ అడగరు. బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి, పెళ్ళి మాటల్లో మొదట కులం అడిగే సంఘంలో, దేవుని చిత్తం అన్న మాటను ఎంత జాగ్రత్తగా పలకాలో! ఆ మాటతో చర్చ మొదలైతే అది విశ్వాసం. ఆ మాటతో చర్చ ముగిసిపోతే, అక్కడ వినబడుతున్నది ఎవరి గొంతో ఒక్కసారి చూసుకోవాలి.

ఏలీ కథలో మనం తరచుగా చదవకుండా వదిలేసే భాగం ఒకటుంది. ఆ రాత్రి సమూయేలు విన్న మొట్టమొదటి వర్తమానం ఏలీ ఇంటిమీదికి రాబోయే తీర్పు. వినడం నేర్పిన ముసలివాడికే అది చేదు కబురు. తెల్లవారాక పిల్లవాడు చెప్పడానికి భయపడ్డాడు. ఏలీ వాణ్ణి దగ్గరికి పిలిచి, ఏమీ దాచకుండా చెప్పమన్నాడు. విన్నాడు. ఒప్పుకున్నాడు. మన పిల్లలు దేవుని స్వరం వినాలని ప్రార్థన చేయని తెలుగు క్రైస్తవ తల్లిదండ్రులుండరు. వాళ్ళు విన్నది మనకు నచ్చనిదైతే, దాచకుండా చెప్పమని అడిగే ధైర్యం మనలో ఎంతమందికి ఉంది?