కిట్టుకు కనపడనిది

సంపాదకుడు నన్ను కాళేశ్వరం పంపింది ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాల గురించి రాయమని. దర్శనమైతే చేసుకున్నాను. పొద్దంతా మాత్రం మలేరియా విభాగంలో ల్యాబు టెక్నీషియనుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన చేతులు చూస్తూ గడిపాను.

వేలికొస పొడిచి, గాజు స్లైడు చివర చిన్న రక్తపు చుక్క పెట్టాడు. ఇంకో స్లైడును ఏటవాలుగా ఆనించి, చుక్క దాని అంచంతా పాకగానే ఒకే తోపు. మధ్యలో ఆగితే చార పడుతుంది. ఆరిన పూత నాలుకలా ఉంది. ఆ నాలుక కొసనే కణాలు విడివిడిగా పరుచుకుంటాయి.

"మలేరియాకని తీసిన స్లైడే సార్ అది," అన్నాడు, ఎప్పటిదో గుర్తుచేసుకుని. "జరమొచ్చిన పిలగాడు. మలేరియా లేదు. తెల్లకణాలు మాత్రం కుప్పలు, అన్నీ ఒక్క తీరే. కణం నిండా కేంద్రకమే. ఎంబడే వరంగల్ తోలిచ్చిన. లుకేమియా అన్నరు."

ఆయన చూసినవి ఎదగని కణాలు. ఎముక మూలుగలో ఒక్క కణం జన్యువులు చెడి, ఎదుగుదల ఆగిపోయి, సంతతిని మాత్రం పెంచుకుంటూ పోయే రక్త క్యాన్సరే అక్యూట్ లుకేమియా. మైలాయిడ్ రకంలో మూలకణం లాంటి కొద్ది కణాలే జబ్బును మళ్లీ మొలిపిస్తాయని టొరంటోలో జాన్ డిక్ బృందం 1994లో ఎలుకల్లో చూపింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫాయిడ్ రకంలో, మొదటి మార్పు కొందరికి తల్లి కడుపులోనే జరుగుతుంది. పుట్టినప్పుడు కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కల్లో శాస్త్రవేత్త మెల్ గ్రీవ్స్ బృందం ఆ గుర్తు పట్టింది. ఆ మార్పుతో పుట్టినవాళ్లలో చాలామందికి జబ్బే రాదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఇచ్చిన అమినోప్టెరిన్ అనే మందుతో 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ జబ్బున్న 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా ఊరట తెచ్చాడు. ఈనాడు వేళకు కనిపెట్టి పూర్తి చికిత్స చేస్తే లింఫాయిడ్ రకం పిల్లల్లో ఎక్కువమంది బతుకుతారు.

వేళకు కనిపెట్టేదెవరు? "ఇప్పుడు మలేరియా కిట్టు పెడితే పావుగంటల తేలుతది. కానీ కిట్టు అడిగిందే చెప్తది సార్. స్లైడు అడగంది గూడ చూపిస్తది." అడవి ఊళ్లకు కిట్టు చేసిన మేలు పెద్దది, కాదనను. కానీ నెగెటివ్ అనగానే చూపు అక్కడే ఆగిపోతే? ఒళ్లు పాలిపోయి, చిగుళ్లలో రక్తం కారుతున్న పిల్లవాడికి మళ్లీ జ్వరం బిళ్లలే. వరంగల్ ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైమాటే.

జ్వరం దిగని ప్రతి పిల్లవాడికీ స్లైడు తీయించండి, ఇలాంటి పెద్దల్ని పిలిచి కొత్తవాళ్లకు ఆ చూపు నేర్పించండి అని జిల్లా వైద్యాధికారులను అడుగుతున్నాను.