నాదర్‌గుల్‌లో బాతుల వేట

హైదరాబాదు నుంచి బడంగ్‌పేట దాటితే నాదర్‌గుల్. చిన్న విమానాలు దిగే మైదానం ఉన్న ఊరు. మొన్న దసరాకు అక్కడి మా అత్తయ్య ఇంటికి వెళ్ళాను. నా చిన్నతనంలో చేలున్న చోట మేడలు లేచాయి.

1997 వేసవిలో ఆ ఇంట్లో టీవీ ఆటల పెట్టె ఉండేది. దానికో ప్లాస్టిక్ తుపాకీ. ఆట పేరు ‘డక్ హంట్’. జపానులో నింటెండో వారు 1984లో తెచ్చినది. వాడలోని పిల్లలమంతా వంతుకోసం చాపమీద కూచునేవాళ్ళం. క్యాసెట్టు మొరాయిస్తే తలా ఒకసారి ఊదేవాళ్ళం. బావ గురి తప్పేది కాదు. నేను పేల్చబోతే మాత్రం బాతు కొంటెగా పక్కకు తప్పుకునేది. నాకు ‘గురిలేని వీరుడ’ని పేరు స్థిరపడిపోయింది.

ఈసారి అటకమీంచి ఆ సరంజామా దించాము. కొత్త పలచటి టీవీలో ఒక్క బాతూ పడలేదు. బావ కొడుకు ఒకటే నవ్వు.

“తుపాకీలోంచి ఏమీ రాదురా,” అన్నాడు బావ. “మీట నొక్కగానే తెర క్షణం నల్లబడి, బాతున్నచోట తెల్లని గడి వెలుగుతుంది. ఆ వెలుగును తుపాకీ కనిపెడుతుంది. కొత్త టీవీలో వెలుగు ఆలస్యమవుతుంది.”

“మరి పాత టీవీలో నాకెందుకు పడలేదు, బావా?”

బావ కాసేపు మాట్లాడలేదు.

“మరొకరు చేతిపెట్టె పట్టుకుని ఆ బాతును నడపవచ్చు. నీ వంతు వచ్చినప్పుడల్లా దుప్పటికింద దాచి నేనే నడిపేవాణ్ణి.”

“ఎండాకాలంలో దుప్పటెందుకురా అని నేనప్పుడే అడిగాను!” అంది అత్తయ్య.

ఇన్నేళ్ళు మోసిన అపకీర్తి! కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఇప్పుడు పాత డబ్బా టీవీ కోసం వెతుకుతున్నాను. దొరికితే తుపాకీ బావకు, చేతిపెట్టె నాకు.