ముకురులో ఈగల సాగు

నైరోబీలోని ముకురు వంటి ఇరుకు వాడలకు భూగర్భ మురుగు కాలువలు చాలావరకు లేకపోవడంతో, గోతి మరుగుదొడ్లు నిండినప్పుడు వాటిలోని మలం వాగుల పాలయ్యేది. 2011లో అక్కడ పని మొదలుపెట్టిన శానర్జీ సంస్థ ఆ మలాన్నే ముడిసరుకుగా లెక్కగట్టింది. అమెరికాలో కలిసి చదువుకుని ఆ సంస్థను స్థాపించిన ముగ్గురిలో ఒకరి ఇంటిపేరు వల్లభనేని కావడం ప్రవాసాంధ్రుల కంట పడక మానదు.

ఆ సంస్థ ఏర్పరచిన నీలిరంగు మరుగుదొడ్లలో ఆసనమే మూత్రాన్ని ఒక డబ్బాలోకి, మలాన్ని మరొక డబ్బాలోకి మళ్లిస్తుంది. వాడినవారు నీళ్లకు బదులు గుప్పెడు రంపపు పొట్టు చల్లుతారు. నిండిన డబ్బాలకు మూతలు బిగించి, కార్మికులు తోపుడు బండ్ల మీద సందులు దాటిస్తారు. (నీళ్లతో కడుక్కునే అలవాటున్న మన ఊళ్లలో ఈ పొడి పద్ధతి ఇంత తేలిగ్గా సాగదు.)

అలా చేరిన మలాన్ని తినేది బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వా, అంటే చూపుకు కందిరీగను తలపించే ఒక నల్లని ఈగ పిల్లపురుగు. పెద్ద ఈగ దాదాపు ఏమీ తినక, పురుగు దశలో కూడబెట్టుకున్న కొవ్వుతోనే బతుకుతుంది కనుక, ఆ జీవి ఆకలంతా తొలి రెండు మూడు వారాల్లోనే తీరాలి. ఆ తరువాత పురుగు మేత మాని, నల్లబడి, పొడి చోటు వెతుక్కుంటూ తడిలోంచి తనంతట తానే పైకి పాకుతుంది. ఎండబెట్టిన లార్వాలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 30 శాతం దాకా కొవ్వు ఉంటాయి కాబట్టి, కోళ్ల దాణాలో విక్టోరియా సరస్సు ఒమెనా చేపలకు బదులుగా దీన్ని కలపవచ్చు. ఆ చిన్న చేపలు పేదల కూర కూడా కావడం వల్ల ఈ మార్పుకు విలువ హెచ్చు. మిగిలిన మడ్డి ఎరువవుతుంది. అయితే లార్వాలు సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాను తగ్గించినా ఏలికపాము గుడ్లను చంపలేవు కనుక, దాన్ని బాగా వేడెక్కేలా మాగబెట్టడం తప్పనిసరి.

ఇంత చేసినా దాణా, ఎరువు అమ్మకాలతోనే డబ్బాల సేకరణ ఖర్చు గట్టెక్కదు. మురుగు కాలువలకు ప్రభుత్వం డబ్బు పెట్టినట్టే దీనికీ పెట్టడం న్యాయం. ఇక పాకీ పనిని 2013 చట్టంతో మరింత కట్టుదిట్టంగా నిషేధించిన మన దేశంలో ఈ పద్ధతిని అనుసరించదలచినవారు, ఈగల షెడ్డు కట్టకముందే, ఆ డబ్బాలను మోసేది మళ్లీ ఏ కులంవారన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.